అనంతగిరికి బటన్ టైర్లెందుకు?

వానలు తగ్గి పొద్దున్నే కాస్త చలి మొదలైందంటే మన సైకిల్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న. "అన్నా, వికారాబాద్ దగ్గర అనంతగిరి దాకా పోదామనుకుంటున్నాం, మధ్యలో మట్టి బాటలు కూడా ఉన్నాయి. ఏ టైర్ వేయమంటవ్?" ప్రశ్న మంచిదే. కింద వచ్చే జవాబులు చదివితేనే ఒళ్ళు మండుతుంది. ఒకాయన కొండ మీంచి దూకేవాళ్ళు వాడే టైరు ఫొటో పెడతాడు. ఇంకొకాయన "గ్రిప్ ముఖ్యం బ్రదర్, పెద్ద బటన్లున్నవి తీసుకో" అని తేల్చేస్తాడు. బటన్లంటే టైరు మీద గుబ్బల్లా లేచి ఉండే రబ్బరు ముక్కలు. దారి ఏది, నీ బరువెంత, ఎంత దూరం అని అడిగిన మనిషి ఒక్కడూ కనబడడు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. హైదరాబాద్ నుంచి బయల్దేరి వంద కిలోమీటర్లు పైన తొక్కే, తారూ మట్టీ కలిసిన మిక్స్‌డ్ రైడ్‌కి పెద్ద బటన్ల టైరు దండగ. మధ్యలో తక్కువ ఎత్తు బటన్లు దగ్గరదగ్గరగా ఉండి, అంచుల్లో మాత్రం కాస్త ఎత్తుగా ఉండే క్రాస్ కంట్రీ టైరు, 2.1 నుంచి 2.25 అంగుళాల వెడల్పుది, చాలు. ఆ పైన డబ్బుంటే ట్యూబ్‌లెస్ చేయించుకోవాలి. టైరు ఏదైనా గాలి సరిగ్గా ఉండాలి. వాదించేవాళ్ళు వాదించండి, కానీ ముందు లెక్క చూడండి.

గచ్చిబౌలి నుంచి మొయినాబాద్, చేవెళ్ళ మీదుగా అనంతగిరి వెళ్ళి వస్తే నూటయాభై కిలోమీటర్లకు అటూ ఇటూ అవుతుంది. అందులో తారు రోడ్డెంత? ఊళ్ళలో సీసీ రోడ్డెంత? వెతుక్కుని వెతుక్కుని బండ్ల బాటల్లోకి దిగినా మట్టి పాతిక, ముప్పై కిలోమీటర్లు దొరికితే గొప్ప. మిగతా వందకు పైగా కిలోమీటర్లు ఆ బటన్లు తారు మీద దొర్లాల్సిందే. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో తెరిచారు కదా, ఒక్కసారి అక్కడ నిలబడి వినండి. బటన్ టైరు సైకిలు వస్తుంటే కనబడక ముందే మోత వినబడుతుంది. ప్రతి బటన్ నేలకు తగిలినప్పుడు వంగుతుంది, వదిలినప్పుడు లేస్తుంది. వంగడానికి తీసుకున్న శక్తినంతా రబ్బరు తిరిగి ఇవ్వదు, కొంత వేడిగా పోతుంది. ఆ శక్తి ఎవరిది? మీ కాళ్ళదే.

అంకెల్లో చెప్పాలంటే, మనిషి, సైకిలు, నీళ్ళ సీసాలు కలిపి 90 కిలోలు అనుకుందాం. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో మంచి క్రాస్ కంట్రీ టైర్లు రెండూ కలిపి సుమారు 30 వాట్లు తింటే, మొద్దు బటన్ టైర్లు 50 దాకా తింటాయి. రోజంతా తొక్కే మామూలు మనిషి కాళ్ళు నిలకడగా ఇచ్చేది 100, 120 వాట్లు. అందులో 20 వాట్లంటే చిన్న విషయమా? బ్రెవేలకు, అంటే పెట్టిన గడువులో పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ రైడ్లకు, వెళ్ళేవాళ్ళను అడగండి. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు ఇస్తారు. టీ తాగినా, పంక్చర్ వేసుకున్నా, చెట్టు కింద నడుం వాల్చినా గడియారం ఆగదు. సగటున గంటకు 15 కిలోమీటర్లే కదా అని మొదట తేలిగ్గా అనిపిస్తుంది. సాయంత్రం నాలుగింటికి ఎదురుగాలిలో ఆ 20 వాట్లు ఎక్కడికి పోయాయో అర్థమవుతుంది.

దీనికి విరుగుడుగా రెండో రకం సలహాదారులు తయారవుతారు. "మరయితే సన్నటి స్లిక్కులు వేసెయ్" అని, అంటే బటన్లే లేని నున్నటి టైర్లు. అదీ ఒప్పుకోను. మన ఊళ్ళ రోడ్లు చూశారా? పైప్‌లైన్ కోసం అడ్డంగా కోసి మట్టితో పూడ్చిన గాడి, రంగు వేయని స్పీడ్ బ్రేకరు, సీసీ రోడ్డు అంచున అరచేయంత ఎత్తు మెట్టు. సన్నటి టైరుకి గాలి గట్టిగా పెట్టాలి, లేకపోతే రిమ్ తగిలి ట్యూబ్ కోసుకుపోతుంది. గట్టిగా పెడితే ప్రతి గతుకూ నడుముకీ మణికట్లకీ ఎక్కుతుంది. ఒళ్ళు ఊగిపోవడంలో కూడా శక్తి పోతుందని చాలామంది లెక్కలోకి తీసుకోరు. వెడల్పు టైరు నెమ్మది అనేది పాత నమ్మకం. ఒకే గాలి ఒత్తిడిలో చూస్తే వెడల్పు టైరే తక్కువ వంగి తేలిగ్గా దొర్లుతుంది. తారు మీద ఈడ్చేది వెడల్పు కాదు, మొద్దు రబ్బరు, ఎత్తు బటన్లు.

ఇక మట్టి సంగతి. గ్రిప్ గ్రిప్ అని గోల పెట్టేవాళ్ళు మన మట్టిని ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశారా అని నా అనుమానం. హైదరాబాద్ కూర్చున్నది దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్ మీద. ఆ రాయి చితికి చితికి మనకు మొరం ఇచ్చింది, ఎర్ర చెలక నేల ఇచ్చింది. ఎండాకాలంలో కింద గట్టి నేల, పైన జొన్న గింజలంత గరుకు ఇసుక. దాని మీద మలుపు తిరిగేటప్పుడు ఎత్తు బటన్ గుచ్చుకోవడానికి మెత్తటి మట్టి ఏదీ? కింద బండలాంటి నేల, పైన దొర్లే గింజలు. అక్కడ పనిచేసేది నేలకు ఎక్కువ రబ్బరు ఆనడం, తక్కువ గాలి, అంచుల్లో నాలుగు గట్టి బటన్లు. ఖాజాగూడ గుట్టల్లాంటి నున్నటి బండల మీదయితే ఇంకా స్పష్టం. అక్కడ ఎత్తు బటన్లు కాళ్ళు వణికినట్టు అటూ ఇటూ వంగుతాయి, తక్కువ బటన్ల టైరు బండను కరుచుకుని ఎక్కుతుంది.

చేవెళ్ళ, శంకర్‌పల్లి దాటి పడమటికి పోతుంటే నేల రంగు మారుతుంది. కొన్నిచోట్ల నల్లరేగడి, అనంతగిరి పైకొచ్చేసరికి ఎర్రటి లాటరైట్. నల్లరేగడి గురించి ఒక్క మాట: వాన పడిన మర్నాడు అందులోకి ఏ టైరుతోనూ దిగకండి. పిడకల్లా అంటుకుని, ఫోర్కులో ఇరుక్కుని, చక్రం తిరగడం ఆగిపోతుంది. "మడ్ టైర్ వేస్తే పోతుంది కదా" అంటారు. విడివిడిగా బటన్లున్న టైరు మామూలు బురదను విదిలిస్తుంది నిజమే, రేగడి దగ్గర దాని ఆటలు సాగవు. పుల్లతో గీక్కుంటూ సైకిల్ని భుజాన మోసుకుపోవాల్సిందే. రెండు రోజులు ఎండ కాయనిచ్చి వెళితే అదే బాట తారు రోడ్డుకంటే హాయిగా ఉంటుంది.

బటన్లు ముళ్ళను ఆపుతాయన్నది ఇంకో భ్రమ. బటన్ ఉన్నచోట ఆపుతుందేమో, రెండు బటన్ల మధ్య ఖాళీలో రబ్బరు పలచగా ఉంటుంది, పల్లేరు కాయ సరిగ్గా అక్కడే దిగుతుంది. పల్లేరు ఎలా పడేసినా ఒక ముల్లు పైకే ఉంటుంది, దేవుడు సైకిళ్ళ కోసమే చేసినట్టు. చెరువు కట్టల మీద సర్కారు తుమ్మ కంప నరికి పడేసి ఉంటే ఇక చెప్పనక్కర్లేదు, ఎండిన ముల్లు మేకులా దిగుతుంది. ఇవి పల్లె బాటల బాధ. సర్వీస్ రోడ్ల మీద లారీ టైర్లు పగిలినప్పుడు రాలే సన్నటి ఉక్కు తీగ ముక్కలు ఉంటాయి. కంటికి కనబడవు, వేలితో తడిమినా ఒక్కోసారి దొరకవు, ట్యూబ్ మార్చిన పది నిమిషాలకు మళ్ళీ గాలి పోతుంది.

అందుకే టైరు కొనేటప్పుడు నేను ముందు చూసేది పైన డిజైను కాదు, లోపల రబ్బరు కింద ఉండే దారాల అల్లిక. టీపీఐ అని రాసి ఉంటుంది, అంగుళానికి ఎన్ని దారాలు అని. చవక టైర్లలో 30 లోపు, మధ్యరకంలో 60, ఖరీదైన వాటిలో 120. దారం సన్నబడేకొద్దీ టైరు మెత్తగా వంగి తేలిగ్గా దొర్లుతుంది, గతుకులను మింగుతుంది. కానీ పక్క గోడలు పలచబడతాయి, గ్రానైట్ రాయి అంచు తగిలితే కోసుకుపోవచ్చు. కొన్ని కంపెనీలు పొరలన్నీ కలిపి పెద్ద అంకె వేస్తాయి, అది చూసి మురిసిపోకండి. మన దగ్గర దూరాలు తొక్కేవాళ్ళకి 60 టీపీఐ, పక్క గోడలకు రక్షణ పొర ఉన్నది నా ఓటు. పేర్లు అడుగుతారు కాబట్టి, విటోరియా మెజ్‌కాల్, కాంటినెంటల్ రేస్ కింగ్, మ్యాక్సిస్ ఐకాన్ ఈ కోవలోవి. ఖరీదు చూసి కళ్ళు తిరిగితే కెండా స్మాల్ బ్లాక్ ఎయిట్ లాంటి బటన్ వరస ఉన్నది ఏదైనా చూడండి. మన ఊరి కంపెనీ హార్టెక్స్ కూడా సైకిల్ టైర్లు చేస్తుంది, రోజూ ఆఫీసుకి తొక్కే సైకిలుకి ఇంపోర్టెడ్ టైరే కావాలని పట్టుబట్టడం నాకు నచ్చదు.

ట్యూబ్‌లెస్ వద్దనేవాళ్ళ భయం నాకు తెలుసు, సీలెంట్ (చిల్లులు పూడ్చడానికి టైరు లోపల పోసే లేటెక్స్ పాలు) చేతులకంటుతుంది, మెయింటెనెన్స్ టెన్షన్ అని. నిజమే. మన ఏప్రిల్, మే ఎండల్లో ఆ లేటెక్స్ పాలు డబ్బా మీద రాసినన్ని నెలలు బతకవు. చక్రం ఊపి చూస్తే లోపల గలగలమనాలి, చప్పుడు లేదంటే ఎండి పొరకట్టిందన్నమాట. ఇంత ఉన్నా పల్లేరు బాటల్లో దానికి సాటి లేదు. ఇరవై ముళ్ళు దిగినా సీలెంట్ పూడ్చేస్తుంటే మీకు తెలియను కూడా తెలియదు. ఒక్క జాగ్రత్త: టైరు కోసుకుపోయి ట్యూబ్ వేయాల్సి వస్తే, ముందు లోపలి వైపు గుడ్డతో తడిమి ఆ ముళ్ళన్నీ పీకాలి. తొందరలో అలాగే ట్యూబ్ పెడితే ఊరి పొలిమేర కూడా దాటరు. రిమ్ ట్యూబ్‌లెస్‌కి పనికిరాని పాత రకమైతే, వాల్వ్ పిన్ ఊడే ట్యూబులు కొని అందులోనే సీలెంట్ పోయించండి, చాలావరకు గట్టెక్కుతారు.

ఇప్పుడు నాకు బాగా మంట పుట్టించే విషయం: గాలి. పంక్చర్ షాపులో కంప్రెసర్ పెట్టి, టైరు బొటనవేలితో నొక్కి చూసి, "గట్టిగ కొట్టిన సార్, ఫికర్ లేదు" అంటారు. ఆ గట్టితనం గాలి ఒత్తిడి కొలతలో ఒక్కోసారి 60 పీఎస్ఐ. ఆయన తప్పేం లేదు, ఆయన చూసేవి మోపెడ్లు, ఆటోలు. మరి వేలకు వేలు పెట్టి టైరు కొన్న మనవాళ్ళు కూడా పక్క గోడ మీద రాసిన గరిష్ఠ అంకె చూసి అంతవరకు కొట్టిస్తారు. అది దాటకూడని హద్దు, పెట్టమని చెప్పిన అంకె కాదు. 70, 75 కిలోల మనిషికి 2.2 టైరు ట్యూబ్‌లెస్ అయితే ముందు 22 నుంచి 24, వెనక 26 నుంచి 28 దగ్గర మొదలుపెట్టండి. ట్యూబ్ ఉంటే ఇంకో ఐదారు కలపండి. రోజంతా తారే అనుకుంటే 35 దాకా పోవచ్చు. రూపాయి ఖర్చు పెట్టేముందు కొనాల్సింది మీటరున్న పంపు. టైరు బాలేదని అమ్మేసినవాళ్ళలో సగంమంది గాలి తగ్గించి చూడనేలేదని నా నమ్మకం.

రెండు చక్రాలకీ ఒకే టైరు ఉండాలన్న రూలు ఎక్కడా లేదు. జారితే ప్రమాదం ముందు చక్రంతోనే, అందుకే ముందు కాస్త వెడల్పు, కాస్త గ్రిప్ ఎక్కువున్నది. బరువు ఎక్కువ మోసేది, తొక్కుడు భారమంతా పడేది వెనకది, అక్కడ నున్నగా దొర్లేది. త్వరగా అరిగేదీ అదే. అరిగాక ముందుదాన్ని వెనక్కి వేసి, కొత్తది ముందు వేసుకోండి. చాలామంది కొత్తది వెనక వేసి, పాతది ముందే ఉంచేస్తారు.

సైజు గురించి కూడా. సిటీలో ఒక షోరూంలో "పడతది సార్" అని నాకు 2.4 వేసి పంపారు. ఫ్రేముకీ టైరుకీ మధ్య కాగితం దూరేంత సందు. మొదటి మట్టి బాటలోనే పెయింట్ గీరుకుపోయింది. చుట్టూ ఆరేడు మిల్లీమీటర్లైనా ఖాళీ ఉండాలి, మొరం రాయి అందులో ఇరుక్కుంటే ఫ్రేమే పోతుంది. అంగుళాలను కూడా నమ్మకండి, టైరు పక్కన ఉండే మిల్లీమీటర్ల అంకె చూడండి, రిమ్ మీద టైరు కూర్చునే చోట వ్యాసం అది. 26 ఎంటీబీ (మౌంటెన్ బైక్) అయితే 559, 27.5 అయితే 584, 29 అయితే 622. పల్లె షాపులో "ఇరవయ్యారు ఉంది" అంటే అది 590 కావచ్చు, పాత పెద్ద సైకిళ్ళ ఇరవయ్యెనిమిది అయితే 635. ఆ టైర్లు మీ రిమ్ ఎక్కవు. ట్యూబ్ మాత్రం సాగుతుంది కాబట్టి, గతిలేనప్పుడు 26 ట్యూబ్ 27.5లో పెట్టి ఇంటికి చేరొచ్చు. ప్రెస్టా వాల్వ్ (సన్నటి రకం వాల్వ్) ఉన్నవాళ్ళు ఇత్తడి అడాప్టర్ ఒకటి జేబులో వేసుకోండి, వికారాబాద్ దారిలో ఏ షాపు గొట్టమూ దానికి పట్టదు.

కామెంట్లలో అడిగేవాళ్ళు మీ బరువు, రిమ్ లోపలి వెడల్పు, దారిలో తారెంత మట్టెంత రాయండి, తెలిసినంత చెబుతాను. "బెస్ట్ టైర్ ఏది అన్నా" అని మాత్రం అడగొద్దు, దానికి రిప్లై ఇవ్వను.