‘ఆల్ట్ రైట్’ అని పేరు పెట్టింది హిల్లరీ కాదు

“ఆల్ట్ రైట్ అనేది 2016 ఎన్నికల్లో ట్రంప్ అభిమానులపై బురద చల్లడానికి హిల్లరీ క్లింటన్, మీడియా కలిసి పుట్టించిన మాట. వాళ్లంతా కప్ప బొమ్మలతో వేళాకోళాలాడే మామూలు సంప్రదాయవాద కుర్రాళ్లు.” ఆల్ట్ రైట్ అంటే ‘ఆల్టర్నేటివ్ రైట్’, అమెరికాలో శ్వేతజాతివాదులు చేరిన ఒక తీవ్ర రైట్‌వింగ్ ధోరణి. దాని గురించి విపరీతంగా పంచుకుంటున్న ఈ వాదంలో సగం తేదీలు చూడగానే రాలిపోతుంది.

హిల్లరీ పుట్టించారా? నెవాడా రాష్ట్రంలోని రెనోలో ఎన్నికల ప్రసంగంలో ఆమె ఆ మాట ఎత్తింది 2016 ఆగస్టు 25న. అంతకు దాదాపు ఎనిమిదేళ్ల ముందే, 2008 నవంబరులో, పాల్ గాట్‌ఫ్రీడ్ అనే ఆచార్యుడు ‘ఆల్టర్నేటివ్ రైట్’ గురించి ఉపన్యసించారు. దాన్ని అచ్చువేసిన తాకీస్ మ్యాగజైన్‌కు అప్పటి సంపాదకుడు రిచర్డ్ స్పెన్సర్. 2010లో అతను అదే పేరుతో వెబ్‌సైటు పెట్టాడు. మాట నాదంటే నాదని ఇద్దరూ చెప్పుకున్నారు. తిట్టుపేరు కోసం ఎవరైనా ఇలా పోటీ పడతారా? హిల్లరీ ప్రసంగానికి నెల ముందు స్టీవ్ బానన్ కూడా, తాను నడిపే బ్రైట్‌బార్ట్ వార్తా వెబ్‌సైటు ఆల్ట్ రైట్‌కు వేదిక అని స్వయంగా ప్రకటించుకున్నాడు.

మామూలు సంప్రదాయవాదులా? అసలు ఆ పేరు పుట్టిందే మామూలు సంప్రదాయవాదుల మీద కోపంతో. ఇరాక్ యుద్ధాన్ని నెత్తికెత్తుకున్న బుష్ కాలపు రిపబ్లికన్ పెద్దలతో గాట్‌ఫ్రీడ్‌కు పడేది కాదు. స్పెన్సర్ ఆ కోపాన్ని జాతివాదం వైపు మళ్లించి, శ్వేతజాతికి ప్రత్యేక దేశం కావాలన్నాడు. యూదు కుటుంబంలో పుట్టిన గాట్‌ఫ్రీడ్ తర్వాత ఆ దారితో తనకు సంబంధం లేదన్నారు. ఆల్ట్ రైట్ మూక యూదు పాత్రికేయులను గుర్తుపట్టేలా వాళ్ల పేర్లకు మూడేసి బ్రాకెట్లు తగిలించి ఇంటర్నెట్‌లో వేటాడేది. ఆ ఎన్నికల కాలంలో యూదు వ్యతిరేక ట్వీట్లు అందరికంటే ఎక్కువగా ఎదుర్కొన్న పాత్రికేయుడు బెన్ షపీరో అని, యూదు ద్వేషంపై పోరాడే యాంటీ డిఫమేషన్ లీగ్ లెక్క తేల్చింది. ఆయన పక్కా సంప్రదాయవాది, బ్రైట్‌బార్ట్ మాజీ ఉద్యోగి!

కప్ప సంగతి కొంత నిజమే. పెపే అనే ఆ కప్ప 2005లో మాట్ ఫ్యూరీ గీసిన అమాయకపు కార్టూను. దాన్ని వాడే వాళ్లలో ఎక్కువమందికి ద్వేషం లేదని ఆ లీగే చెప్పింది. కానీ 2016 నవంబరులో వాషింగ్టన్ సభలో స్పెన్సర్ “హెయిల్ ట్రంప్” అని అరిస్తే, కొందరు నాజీ వందనం చేశారు. అదీ వ్యంగ్యమేనట. 2017 ఆగస్టులో వర్జీనియా రాష్ట్రంలోని షార్లట్స్‌విల్‌లో ఈ మూకే కాగడాలు పట్టుకుని యూదు వ్యతిరేక నినాదాలు చేశారు. మర్నాడు వాళ్లకు ఎదురు నిలిచిన జనం మీదికి ఒకడు కారు తోలితే హెదర్ హయర్ చనిపోయింది. అందులో వ్యంగ్యం ఎక్కడుందో ఆ పోస్టు పంచేవాళ్లే చెప్పాలి. 2021లో జ్యూరీ స్పెన్సర్‌తో సహా నిర్వాహకులపై 2.5 కోట్ల డాలర్లకు పైగా పరిహారం విధించింది.

మీడియా మాటకొస్తే, ట్రంప్‌కు ఓటేసిన ప్రతివాడికీ ఈ ముద్ర వేసినవాళ్లు ఉన్నారు, అది తప్పే. అయితే 2016 నవంబరులోనే అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ తన విలేకరులకు ఒక సూచన ఇచ్చింది: వివరణ లేకుండా ఈ మాట రాయకండి, దాని చాటున జాతివిద్వేషం దాక్కోవచ్చు.