పవర్ విండో ఆగిన ప్రతిసారీ మోటారే కారణమన్న మాట నిజం కాదు

పాత కార్లను కాపాడుకుంటున్నవారి మధ్య ఒక సందేశం విస్తృతంగా తిరుగుతోంది. పవర్ విండో, అంటే స్విచ్చు నొక్కితే కదిలే తలుపు అద్దం, ఆగిందంటే మోటారు కాలిపోయినట్టేనని, దాన్ని విప్పి మార్చాలని, మోటారు ప్లగ్గు దగ్గర మీటరు 12 వోల్టులు చూపితే ఇక సందేహం అక్కర్లేదని, ఫ్యూజు పదేపదే పోతుంటే ఒక మెట్టు పెద్దది వేయవచ్చని, అద్దం బరువుగా కదిలితే తుప్పు వదిలించే స్ప్రే చాలని అందులో ఉంది. 1995లో పుణేలో తయారీ మొదలైన మెర్సిడెస్ డబ్ల్యూ124 కారును ఉదాహరణగా తీసుకుని ఈ మాటలు ఎక్కడ తప్పో చెబుతాను.

మొదటిది మోటారు సంగతి. మోటారు బాగున్నా అద్దం ఆగిపోవచ్చు. ఈ కారు ఫ్యూజులు టార్పెడో ఆకారంలో ఉండి, రెండు కొనలూ స్ప్రింగు రేకుల ఒత్తిడి మీదే నిలుస్తాయి. కొనలకు చిలుము పట్టితే, ఫ్యూజు తెగకపోయినా కరెంటు సరిగా దాటదు. గేరు లివరు దగ్గరి స్విచ్చుల్లోకి దుమ్ము చేరి కాంటాక్టులు నల్లబడతాయి. ఒకే రకం స్విచ్చులు రెంటిని పరస్పరం మార్చి చూస్తే ఆ లోపం వెంటనే తేలుతుంది. తలుపు కీలు దగ్గర రబ్బరు గొట్టంలోంచి వెళ్లే వైరు ఏళ్ల తరబడి వంగి వంగి పోగు తర్వాత పోగుగా తెగుతుంది. తలుపును ఒక కోణంలో ఉంచినప్పుడే అద్దం కదులుతుంటే ముందుగా అనుమానించవలసింది ఈ వైరునే.

ఎక్కువ నష్టం చేస్తున్నది రెండో మాట. మీటరు తనగుండా దాదాపు కరెంటును పోనివ్వదు కనుక, ఒక్క పోగు మిగిలిన వైరు కూడా దానికి 12 వోల్టులు చూపిస్తుంది. మోటారు కోరే ఆంపియర్లను మాత్రం ఆ పోగు మోయలేదు. అందుచేత మోటారు స్థానంలో 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు తగిలించి స్విచ్చు నొక్కాలి. దాదాపు నాలుగున్నర ఆంపియర్లు తీసుకునే ఆ బల్బు రెండు దిశల్లోనూ నిండుగా వెలిగితేనే మోటారును అనుమానించడానికి ఆధారం దొరుకుతుంది. పైగా అద్దం ఎక్కడానికీ దిగడానికీ ఈ మోటారుకు కరెంటు దిశ మారుతుంది, తిరుగుదారి కూడా స్విచ్చులోంచే పోతుంది. మీటరు నల్ల తీగను కారు బాడీకి ఆనించి కొలిచినవారికి ఆ తిరుగుదారిలోని లోపం కనిపించదు. మోటారు ప్లగ్గులోని రెండు పిన్నుల మధ్యే కొలవాలి. మరొక విషయం, చాలా మోటార్లలో వేడెక్కితే తెగి, చల్లారాక మళ్లీ కలిసే రక్షణ ఉంటుంది. కాసేపు ఆగి మళ్లీ పరీక్షించకుండా మోటారును తీసి పారేయడం అన్యాయం.

ఫ్యూజు గురించిన సలహా ప్రమాదకరం. ఫ్యూజు ఉన్నది వైరును కాపాడటానికి. ఎర్రని 16 ఆంపియర్ల ఫ్యూజు స్థానంలో నీలి రంగు 25 ఆంపియర్లది వేస్తే, ఎక్కడో ఒరుసుకుపోయి బాడీకి తగులుతున్న వైరు ఫ్యూజు కంటే ముందే కాలవచ్చు.

తుప్పు వదిలించే స్ప్రే అప్పటికే ఉన్న గ్రీజును కడిగేసి త్వరగా ఆరిపోతుంది, అందులోని నూనె రబ్బరును ఉబ్బిస్తుంది. అద్దం జారే రబ్బరు గాడికి సిలికాన్, అద్దాన్ని ఎత్తే లోపలి లోహపు చేతులకు లిథియం గ్రీజు వాడాలి.

చివరగా, మోటారును విప్పమన్న ఆ సందేశంలో ఒక్క హెచ్చరికైనా లేకపోవడం నన్ను ఎక్కువ కలవరపెట్టింది. అనేక పాత కార్లలో అద్దాన్ని ఎత్తే చేయి బలమైన చుట్ట స్ప్రింగు ఒత్తిడిలో ఉంటుంది, దాన్ని ఆపి ఉంచేది మోటారు గేరే. బ్యాటరీ తీగ తీసి, అద్దాన్ని టేపుతో ఫ్రేముకు కట్టి, ఆ చేతిని రెగ్యులేటరు (అద్దాన్ని ఎత్తి దించే యంత్రాంగం) ప్లేటుకు బోల్టుతో గాని క్లాంపుతో గాని బిగించిన తర్వాతే మోటారు స్క్రూలు వదులు చేయాలి. లేకుంటే ఆ చేయి ఒక్కసారిగా తిరిగి వేళ్లను నలిపేస్తుంది.