ప్రపంచంలో ఇదొక్కటేనండి!

కొబ్బరి రేటు, పందెం కోడి రంగు, రొయ్య కౌంటు. గోదావరి డెల్టాలో ఈ మూడింటి మీద అభిప్రాయం లేని మనిషి ఉండడు. ఇప్పుడు నాలుగోది చేరింది: కామిక్ పుస్తకాల జనాభా లెక్క. భీమవరంలో పెరిగినవాడికి కౌంటు గురించి ఇంకొకరు చెప్పక్కర్లేదు. కిలోకి వంద రొయ్యలు తూగితే వంద కౌంటు, ముప్ఫై తూగితే ముప్ఫై కౌంటు. కౌంటు తగ్గేకొద్దీ రేటు పెరుగుతుంది. అదే కంటితో సీజీసీ సెన్సస్ తెరిచి ఓ పుస్తకం పక్కన ‘1’ అని చూసినవాడికి ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే తప్పు అతనిది కాదు. ఒకటే కౌంటండీ మరి!

సంగతి తెలియనివారికి రెండు ముక్కలు. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం సరసోటాలో ఉన్న సీజీసీ అనే సంస్థ 2000 నుంచి కామిక్ పుస్తకాలకు మార్కులు వేస్తోంది. 0.5 నుంచి 10.0 దాకా 25 మెట్లు. మార్కు వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి సీలు చేస్తారు. దాన్ని స్లాబ్ అంటారు. ఏ సంచిక ఏ మార్కుతో ఎన్నిసార్లు సీలయిందో చెప్పే పట్టికే సెన్సస్. ఎన్నిసార్లు అన్న మాట గమనించండి, ఎన్ని ప్రతులు అనలేదు. అయితే సెన్సస్‌లో అంకె ఎంత చిన్నదైతే పుస్తకం అంత అరుదు, అంత ఖరీదు అన్నదే మన శాస్త్రం, అది ఇలాంటి చిల్లర తేడాలు పట్టించుకోదు.

ఈ శాస్త్రం ప్రకారం ప్రపంచంలోకెల్లా అరుదైన కామిక్‌కు ఎవరైనా యజమాని కావచ్చు. విధానం చెబుతాను, రాసుకోండి. ముందు ఎవరికీ అక్కర్లేని సంచిక ఒకటి వెతకాలి. పేరున్న హీరో తొలిసారి కనిపించినదాన్ని పొరపాటున కూడా ముట్టుకోకూడదు, దాన్ని ఇప్పటికే వేలమంది పంపేసి ఉంటారు. 1980ల్లో మొదలై ఏడెనిమిది సంచికలకే మూతపడిన వరసలో నాలుగోది శ్రేష్ఠం. రాజమండ్రిలో పాత పుస్తకాలవాడి దగ్గర యాభై రూపాయలకు దొరికితే బేరమాడకండి. పలచటి ప్లాస్టిక్ కవర్లో వెనక అట్ట పెట్టి దూర్చి, రెండు గట్టి అట్టల మధ్య కదలకుండా బిగించి పంపాలి. ఇలాంటి కొత్తకాలపు పుస్తకానికి గ్రేడింగ్ రుసుమే ముప్ఫై డాలర్ల మేర. పోనూ రానూ కొరియరు, బీమా, తిరుగుదారిలో కస్టమ్సు వేరే. కొన్నాళ్ళకి 7.5 మార్కుతో ఇంటికొస్తుంది. సెన్సస్ తెరిస్తే మొత్తం 1, అంతకన్నా మంచిది 0. ప్రపంచంలో అత్యుత్తమ ప్రతి మీదే! అత్యంత నాసిరకం ప్రతి కూడా అదేననుకోండి, ఆ ముక్క ప్రకటనలో రాయక్కర్లేదు.

యాభై రూపాయల పుస్తకం మీద వేలు తగలేసేవాడు ఇంకొకడు పుట్టకపోవడం వల్లే అంకె అక్కడ ఆగిందని కాకినాడ నుంచి ఎవరో ఒకాయన లేచి అంటాడు. రుసుము గిట్టుబాటు కాని పుస్తకం సెన్సస్‌లో కనబడదనీ, పెట్టెల్లోనూ అటకల మీదా సీలు లేకుండా పడున్న ప్రతులు అందులో లేవనీ, సీబీసీఎస్ లాంటి పోటీ సంస్థలు సీలు చేసినవి వేరే పట్టికలో ఉంటాయనీ సాగదీస్తాడు. వినకండి. కాకినాడ వాళ్ళకి రొయ్యలు తెలుసు గానీ వ్యాపారం తెలీదు.

అదే మనిషి 1991 నాటి ఎక్స్-మెన్ ఒకటో సంచిక తెస్తాడు. 81 లక్షల కాపీలు పోయిన పుస్తకం, గిన్నిస్ రికార్డు. కొన్నవాళ్ళు కొన్నట్టే కవర్లో పెట్టి దాచారు. పిల్లల చదువుకి పనికొస్తుందని ఒక్కొక్కరు పదేసి దాచారు. సెన్సస్‌లో సీలయినవి ఆ గుట్టలో చిటికెడు. మన శాస్త్రం ప్రకారం ఆ చిటికెడే పుస్తకం, మిగతా లక్షలు మిథ్య.

ఎదురు ఉదాహరణ కూడా అతని దగ్గర ఉంటుంది. 1974 నవంబరు తేదీతో వచ్చిన హల్క్ కామిక్ 181వ సంచిక, వుల్వరిన్ అనే హీరో పూర్తిస్థాయిలో కనిపించిన తొలి సంచిక. సెన్సస్‌లో వేల కొద్దీ ఉంది. అయినా నలిగిన ప్రతికి కూడా కొనేవాళ్ళు కాసుకుని ఉంటారు. కౌంటు అంతుంటే రేటు పడిపోవాలి కదా? పడదు, ఎందుకంటే కావాలనేవాళ్ళు అంతకన్నా ఎక్కువ. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఆ సంచిక లోపల ఓ చిన్న స్టాంపు ఉండేది, పిల్లలు దాన్ని కత్తిరించి పోగేసుకునేవారు. స్టాంపు లేని ప్రతికి సాధారణంగా మామూలు ప్రతులకిచ్చే నీలం లేబుల్ ఇవ్వరు, లోపాన్ని రాసి ఆకుపచ్చది అంటిస్తారు. మరమ్మతు చేసినదానికి ఊదా, సాక్షి ఎదుట రచయితో చిత్రకారుడో సంతకం పెట్టినదానికి పసుపు. ఏ రంగు గడిలో అంకె చూసి మురుస్తున్నారో ఒకసారి సరిచూసుకోవడం మంచిది. ఊదా లేబుల్ 9.2ని పట్టుకుని నీలం 9.2 రేటు చెప్పేవారు అమలాపురంలోనే కాదు, న్యూయార్క్‌లోనూ ఉన్నారు.

ఇక ప్రెస్సింగ్. 9.4 వచ్చినవాడు అక్కడితో ఊరుకోడు. పెట్టె పగలగొట్టి పుస్తకం బయటికి తీసి, కాస్త తేమ పట్టించి, వేడి ప్రెస్సులో నొక్కిస్తాడు. అలలు, వేలి నొక్కులు, రంగు చెదరని మడతలు పోతాయి. రంగు విరిగిన గీత, చిరుగు, పిన్ను తుప్పు ఏం చేసినా పోవు. తేమ ఎక్కువైతే పిన్నుల చుట్టూ కాగితం ఉబ్బి ఉన్న మార్కు కూడా దిగుతుంది. దీన్ని సీజీసీ మరమ్మతు కింద జమకట్టదు కాబట్టి మళ్ళీ పంపుతాడు, మళ్ళీ 9.4. మూడోసారికి 9.6. చేతిలో పుస్తకం ఒకటి, సెన్సస్‌లో ముగ్గురు. పాత లేబుళ్ళు తిప్పి పంపితే పాత లెక్క కొట్టేస్తారు. ఆ పని చేసే ఓపిక ఎందరికి ఉంటుందో మీకే తెలుసు. ఒక్క మెట్టుకి ధర రెట్టింపయ్యే పుస్తకాల్లో ఈ తంతు ఎక్కువ, అక్కడ పై మెట్టుకి కిందనున్న గడి ఉబ్బి ఉంటుంది. పైగా సీలయిన పుస్తకం ఇంటితో పాటు కాలిపోయినా దాని అంకె చెక్కుచెదరదు. ఈ జనాభా లెక్కలో జననాలే గానీ మరణాలు లేవు.

మరి పట్టిక దేనికీ పనికిరాదా అంటే, వ్యంగ్యం కాసేపు పక్కన పెట్టి చెప్పాలి. పుస్తకం ఖరీదు పెరిగేకొద్దీ పట్టిక నిజానికి దగ్గరవుతుంది. లక్షల డాలర్ల పుస్తకాన్ని సీలు లేకుండా ఉంచుకునేవారు తక్కువ. స్పైడర్‌మాన్ తొలిసారి వచ్చిన 1962 నాటి అమేజింగ్ ఫాంటసీ 15లో 9.6 ప్రతులు నాలుగే, అంతకు పైన లేవు. అందులో ఒకటి 2021 సెప్టెంబరులో 36 లక్షల డాలర్లకు పోయింది. ఆ నాలుగు అన్న అంకెకి బరువుంది, వెనక ఇరవై ఏళ్ళ గాలింపు ఉంది. కొత్త పుస్తకానికి చూడాల్సింది వేరు. మొత్తంలో 9.8 వాటా ఎంత? సగం దాటితే ఆ మార్కుకి విశేషం లేదు. ఇవాళ్టి అంకె రాసిపెట్టుకుని ఆర్నెల్ల తర్వాత మళ్ళీ చూడండి, ఎంత వేగంగా పెరిగిందన్నదే అసలు సమాచారం. సినిమా ప్రకటన రాగానే ధర లేస్తుంది, ధర చూసి జనం పంపుతారు, నెలల తర్వాత ఆ గుట్టంతా ఒకేసారి పట్టికలోకి దిగుతుంది, ధర కూర్చుంటుంది. అమ్మేవాడు అడిగిన ధర కాదు, అదే లేబుల్, అదే మార్కుకి ఈ మధ్య నిజంగా పలికిన ధర చూడాలి. హెరిటేజ్ అనే వేలం సంస్థ పాత లెక్కలు, జీపీఅనాలిసిస్ అనే చోట దొరికే అమ్మకాల ధరల పట్టికలు అందుకే ఉన్నాయి. ‘ప్రపంచంలో ఒక్కటే’ అన్న పుస్తకం ఆ లెక్కల్లో ఒక్కసారి కూడా అమ్ముడు పోకపోతే కొనేవాడి కౌంటు సున్నా అన్నమాట.

సున్నా అంటే గుర్తొచ్చింది. ఒకటి అరుదైతే సున్నా అంతకన్నా అరుదు కావాలి. మన ఇళ్ళలో తెలుగు బొమ్మల కథల పుస్తకాలు ఏ స్థితిలో ఉంటాయో తెలియంది కాదు. అట్ట మీద సిరాతో పేరు, తరగతి, సెక్షను. పిన్నులు తుప్పు పట్టి మధ్య కాగితాలు విడిపోయి ఉంటాయి. ధారావాహికలు చింపి కుట్టించిన బైండు ఒకటుంటుంది, అంచులు సాఫుగా కోయించి మరీ. అంచు కోస్తే గ్రేడింగులో ఊదా లేబులే, కుట్టు కన్నాలకి మార్కులు అదనంగా పోతాయి. 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు తుపాను కోనసీమలో ఎన్ని ట్రంకు పెట్టెల్ని ఖాళీ చేశాయో ఎవరూ లెక్కపెట్టలేదు. అన్నీ గట్టెక్కి, పేరు రాయకుండా, కోయకుండా, తుప్పు పట్టకుండా మిగిలిన ప్రతి ఉందంటే అది నిజంగానే దొరకనిది. సెన్సస్‌లో మాత్రం దాని జాడే ఉండదు.

శాస్త్రం ఇక్కడ స్పష్టంగా ఉంది. అటక మీద ఉన్నంతకాలం మీ పుస్తకం జనాభా సున్నా, దాన్ని మించిన అరుదు లేదు. సరసోటాకి పంపారో, ఒకటవుతుంది, విలువ అక్కడికక్కడే తరిగిపోతుంది. అంచేత దించకండి. ఉన్న కాపీల్ని తగ్గించే పని చెదపురుగులు ఎలాగూ ఉచితంగా చేసి పెడుతున్నాయి, రుసుము కూడా కలిసొస్తుంది.