ఐసు తాగేసిన ఇంజన్

సైన్స్ ఫెయిర్ అంటే పిల్లలు హాయిగా అగ్నిపర్వతం చేసుకుంటారు. వంటసోడా, వెనిగర్, కాస్త ఎర్రరంగు, పని అయిపోతుంది. మా అమ్మాయి మాత్రం స్టిర్లింగ్ ఇంజన్ చేస్తానని కూర్చుంది. "పెట్రోలు వద్దు, కరెంటు వద్దు, కొవ్వొత్తి చాలు నాన్నా" అంది. ఖర్చు లేదంటే ఏ తండ్రి కాదంటాడు?

1816లో దీనికి పేటెంటు తీసుకున్న రాబర్ట్ స్టిర్లింగ్ స్కాట్లండ్‌లో చర్చి పాస్టరు. ఆయనకి ఇంజన్‌తో ఏం పని అనుకున్నాను. చేయడం మొదలుపెట్టాక తెలిసింది, ప్రార్థన లేనిదే ఇది తిరగదు.

సూత్రం నోటితో చెప్పడం సులువే. డబ్బా అడుగున కొవ్వొత్తి వేడి, పైన చన్నీళ్ల చల్లన. లోపల డిస్‌ప్లేసర్ అనే వదులు బిరడా ఒకటి పైకీ కిందికీ ఆడుతూ గాలిని వేడి వైపుకీ, చల్లని వైపుకీ మార్చి మార్చి తోస్తుంది. గాలి వేడెక్కితే బెలూన్ రబ్బరు ఉబ్బుతుంది, చల్లబడితే లోపలికి పోతుంది. ఆ కదలికే చక్రాన్ని తిప్పుతుంది. డిస్‌ప్లేసర్‌కొకటి, రబ్బరుకొకటి ఉండే రెండు క్రాంకుల, అంటే చక్రాన్ని తిప్పే వంకర కడ్డీల, మధ్య 90 డిగ్రీల తేడా ఉండాలి. ఉందో లేదో చూడటానికి అమ్మాయి కోణమానిని పట్టుకుని ఊపిరి బిగబట్టేది. నేను తుమ్మడానికి కూడా వరండాలోకి వెళ్లేవాణ్ణి.

గిన్నెలు తోమే స్టీల్ పీచు డిస్‌ప్లేసర్ అయింది. సైకిల్ చువ్వ క్రాంకు అయింది. నా పాత పాటల సీడీ ఫ్లైవీల్, అంటే ఆ తిరిగే చక్రం, అయింది. "ఏవండీ, గిన్నెలు దేంతో తోమను?" అన్న ప్రశ్నకి సైన్స్‌లో జవాబు లేదు.

అసలు బాధంతా మూత మీది చిల్లు దగ్గరే. డిస్‌ప్లేసర్‌ని లాగే గాలపు దారం అందులోంచే రావాలి. చిల్లు బిగుతైతే దారం కదలదు, వదులైతే గాలి ఆగదు. సబ్బు నురగ పూసి చూస్తే దారం చుట్టూ చిన్న చిన్న బుడగలు లేచేవి. ఆఖరికి ఒక రాత్రి సీడీ టకటకమంటూ తిరిగింది. ఇల్లంతా లేచి చూసింది. పక్కింటివాళ్లు కూడా లేచారు, అది మా అరుపులకి.

ఫెయిర్ రోజు తోడుగా మా బావమరిది వచ్చాడు. ఇంజన్ కాసేపు దర్జాగా తిరిగి, నెమ్మదించి, ఆగిపోయింది. పైనున్న నీళ్లు కాగిపోయాయి మరి. కిందా పైనా ఒకటే వేడైతే దానికిక పనేముంటుంది? పైన ఐసు వేద్దామని అమ్మాయి ఫ్లాస్కు తీసింది. ఖాళీ.

"మంచినీళ్లనుకున్నా బావా. చల్లగా ఉన్నాయి" అన్నాడు బావమరిది, మూతి తుడుచుకుంటూ. ముక్కలు కూడా నమిలేశాడట.

అంతలో జడ్జిగారు రానే వచ్చారు. టెన్షన్‌లో బావమరిది కొవ్వొత్తి ఆర్పేసి, సీడీని వేలితో గిరగిరా తిప్పడం మొదలెట్టాడు. జడ్జిగారు కళ్లజోడు సవరించుకుని, "ఏమ్మా, ఈ ఇంజన్ మనిషితో నడుస్తుందా?" అన్నారు.

మా అమ్మాయి తొణకలేదు. "వేడి ఇస్తే ఇది ఇంజన్ సార్. బయటి నుంచి తిప్పితే వేడిని ఒక వైపు నుంచి ఇంకో వైపుకి తోస్తుంది, అప్పుడిది ఫ్రిజ్. ప్రస్తుతం మా మామయ్య ఫ్రిజ్ నడుపుతున్నాడు."

జడ్జిగారు ఏదో రాసుకున్నారు. చెమటలు కక్కుతున్న బావమరిదిని ఎగాదిగా చూసి, "ఐసు గడ్డకట్టాక పిలవండి, వస్తాను" అని పక్క టేబుల్ దగ్గరికి వెళ్లిపోయారు.