ఎలుక తిరిగిన సబ్బు

చేత్తో చేసిన వస్తువు ఏదైనా ఊరికే ఇచ్చి చూడండి. పుచ్చుకున్నవాళ్లు ఒక మాట తప్పకుండా అంటారు: "ఇంత బాగా చేస్తున్నారు, అమ్మకానికి పెట్టొచ్చు కదా! ఎగబడి కొంటారు." దీనికి అర్థం "ఇంకో రెండు ఇస్తే కాదనం" అని తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

నేను సబ్బులు చేస్తాను. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని, సాయంత్రానికి ఇదీ నేను చేసింది అని చూపించడానికి చేతిలో ఏమీ మిగలని ఉద్యోగం నాది. ఒక ఆదివారం ఏదో వీడియో చూసి నూనె, నీళ్లు, కాస్టిక్ సోడా కలిపి అచ్చులో పోశాను. మర్నాడు అందులోంచి నిజంగానే సబ్బు ఊడొచ్చింది. ఆ దెబ్బతో నేను మనిషిని కాకుండా పోయాను. చుట్టాలకి, స్నేహితులకి, ఇరుగుపొరుగుకి, వద్దన్నవాళ్లకి కూడా పంచాను. అందరూ పైమాటే అన్నారు. పక్కింటి పిన్నిగారైతే నెలన్నరకోసారి జరిగే చేతిపనుల సంతలో టేబులు కోసం దరఖాస్తు ఫారం కూడా తెచ్చి చేతిలో పెట్టారు.

ఆ వారం జరిగే సంత పోతే, తర్వాతి సంతకి ఇంకా ఆరు వారాలుంది. టేబులు ఖాయం చేసుకోవడానికి మాత్రం నాలుగు వారాలే గడువు.

"చేరదామా, వద్దా?" అని మా ఆవిడని అడిగాను. అడగడం లాంఛనమే. లోపల నేను అప్పటికే టేబులు మీద పరిచే గుడ్డ రంగు కూడా ఆలోచించేశాను.

ఆవిడ కాగితం, పెన్ను తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. ఆవిడ కాగితం తెచ్చుకుందంటే నాకు కాళ్లలో వణుకు.

"నూనె ఖర్చు చెప్పండి."

చెప్పాను.

"అత్తరు, సోడా, చుట్టే కాగితం, లేబులు?"

చెప్పాను.

"మీ కూలి?"

"నాకు కూలేమిటి? ఇష్టంగా చేసుకుంటున్నాను కదా!"

"ఒక్క విడతకి రెండు గంటలు చేస్తారు. గంటన్నర గిన్నెలు కడుగుతారు. సరిగ్గా కడగలేదని ఇంకో అరగంట నేను కడుగుతాను. మీది ఇష్టం సరే, నాది?"

ఆ గడిలో ఏం రాసుకుందో నాకు చూపించలేదు. చివరికి గీత గీసి తేల్చిన లెక్క ఇది: సబ్బు మీద మిగిలే లాభంతో టేబులు అద్దె తీరాలంటే మొదటి 23 సబ్బులు దానికే పోతాయి. 24వ సబ్బు నుంచి మాకు మిగలడం మొదలు.

"బాగానే ఉందిగా!" అన్నాను.

"మన దగ్గర ఎన్నున్నాయి?"

లెక్కపెట్టి వచ్చాను. 22. నిజానికి 23 ఉండేవి, పొద్దున ఒకటి మా అమ్మాయి స్నానానికి పట్టుకుపోయింది.

సరే, ముందు ఆ సంత ఎలా ఉంటుందో చూసొద్దామని ఆ వారం ఇద్దరం వెళ్లాం. అక్కడ అప్పటికే నాలుగు సబ్బుల టేబుళ్లు ఉన్నాయి. ఒకదాని ఎదురుగా నిలబడి గూఢచారుల్లా గంటసేపు లెక్కపెట్టాం. 41 మంది సబ్బు చేతిలోకి తీసుకున్నారు. అందరూ చేసింది ఒకటే పని. ముక్కు దగ్గర పెట్టుకుంటారు, కళ్లు మూసుకుంటారు, "అబ్బ!" అంటారు, తీసిన చోట కాకుండా ఇంకోచోట పెట్టి వెళ్లిపోతారు. ఒకాయన తన ముక్కుకి సరిపోక భార్య ముక్కు దగ్గర, తర్వాత చంకనున్న పిల్లాడి ముక్కు దగ్గర కూడా పెట్టి, మొత్తం కుటుంబానికి వాసన చూపించి తీసుకెళ్లిపోయాడు. కుటుంబాన్నే, సబ్బుని కాదు. కొన్నవాళ్లు ఐదుగురు. వాళ్లు కొన్నది కూడా ఊదారంగు పువ్వులు అద్దినవాటిని.

"చూశావా, పువ్వులుంటే పోతున్నాయి!" అన్నాను. 41లో ఐదుగురని మా ఆవిడ చూసింది, ఐదుగురూ పువ్వులే కొన్నారని నేను చూశాను. ఒకే టేబులు ముందు నిలబడ్డాం మరి.

ఆ రాత్రే రెండు విడతలు మొదలుపెట్టాను. ఆలస్యం చేస్తే కుదరదు. ఈ రకం సబ్బు అచ్చులోంచి తీసినా నాలుగు నుంచి ఆరు వారాలు గాలికి ఆరాలి. అప్పుడే నీరు పోయి గట్టిపడుతుంది. ఒకటి లావెండర్, ఇంకొకటి వెనిలా.

విడతకి 700 గ్రాముల ఆలివ్ నూనె, 300 గ్రాముల కొబ్బరి నూనె. ఈ కిలోకి కాస్టిక్ సోడా 142 గ్రాములు. ఇది గుప్పెడు, చిటికెడు అనే వంట కాదు. ఒక్కో నూనె ఒక్కో లెక్కన సోడాని తింటుంది. ఎక్కువైతే ఒళ్లు మండుతుంది, అందుకని ఐదు శాతం తగ్గించే వేస్తాం. నీళ్లలో సోడా వెయ్యాలి గానీ సోడాలో నీళ్లు పొయ్యకూడదు, ముఖాన చిమ్ముతుంది. వేసిన మరుక్షణం పొయ్యి మీద పెట్టకుండానే గిన్నె పొగలు కక్కుతుంది. కళ్లద్దాలు, గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కాతో నేను ఆ గిన్నె మీదికి వంగి ఉంటే మా అమ్మ గుమ్మంలోంచి చూస్తోంది.

"ఒళ్లు కాల్చేదానితో ఒళ్లు రుద్దుకునేది ఎలా చేస్తావురా?"

"నూనెతో కలిశాక సోడా సోడాగా ఉండదమ్మా, నూనె నూనెగా ఉండదు. రెండూ పోయి సబ్బు, గ్లిజరిన్ అవుతాయి."

"పెళ్లి లాగన్నమాట."

"అందులో సోడా ఎవరటా?" అని హాల్లోంచి మా ఆవిడ గొంతు.

ఈ రసాయనం గుట్టు విప్పి చెప్పినవాడు మిషెల్ షెవ్రూల్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త. 1786లో పుట్టి 1889 దాకా, 102 ఏళ్లు బతికాడు. కొవ్వుల గురించి ఆయనకి తెలియనిది లేదు. సంతలో టేబులు అద్దెకి మాత్రం తీసుకుని ఉండడని నా నమ్మకం, లేకపోతే అన్నేళ్లు బతికేవాడు కాదు.

మర్నాడు అచ్చులు విప్పి కోస్తే విడతకి 14 చొప్పున 28 సబ్బులు వచ్చాయి. పాతవాటితో కలిపి 50. లావెండర్ ముక్కల్ని చూస్తే నాకే ముద్దొచ్చింది. పాలలాంటి తెలుపులో, లోపలా పైనా ఎండు లావెండర్ మొగ్గలు, ఊదారంగులో. వెనిలావి దంతపు రంగు. కిటికీ దగ్గర పెట్టి దరఖాస్తుకి ఫోటో తీశాను. "బరువు 100 గ్రాములు" అని లేబుళ్లు కూడా అచ్చు వేయించాను. తర్వాత అన్నిటినీ వెనకగదిలో చెక్క అరల మీద ఆరబెట్టి, తలుపు దగ్గరగా వేసి, ఆఫీసు ఆడిట్ గొడవలో పడిపోయాను.

ఆ గదిలోకి రోజూ వెళ్లింది మా అమ్మాయి ఒక్కతే. దానికి చిన్న తూకం యంత్రం దొరికింది.

"నాన్నా, సబ్బు చిక్కిపోతోంది. మొదటి రోజు 100 ఉంది. ఇవాళ 91."

నీరు ఆవిరైతే అంతే కదా. లేబులు మీద వేయాల్సింది చివరి బరువని, పచ్చి సబ్బు బరువు కాదని అప్పుడు వెలిగింది. నేను ఏడాదిగా ప్రయత్నించి తగ్గని తొమ్మిది శాతం అది మూడు వారాల్లో ఊరికే పడుకుని తగ్గింది.

"నాన్నా, ఇంకోటి. వెనిలా సబ్బులు మాడిపోయాయి."

"సబ్బు మాడటమేమిటే?" అని ఫోన్లోంచి తల ఎత్తలేదు. వెనిలా అత్తరులో ఉండే వెనిలిన్ సబ్బుని రానురాను గోధుమరంగులోకి లాక్కుపోతుందని తర్వాత చదివాను. ఆరోజే తల ఎత్తి ఉంటే మిగతా కథ జరిగేది కాదు.

నాలుగో వారం, గడువుకి ముందు రోజు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి వెనకగదిలోని మంచం, బీరువా, పాత ట్రంకుపెట్టె అన్నీ హాల్లో ఉన్నాయి. మా ఆవిడ చేతిలో కర్ర. గది మూల ఎర పెట్టిన ఎలుకల బోను. మా అమ్మ పీట మీద కూర్చుని, ఒళ్లో పళ్లెం పెట్టుకుని, పిన్నీసుతో సబ్బుని పొడుస్తోంది.

"ఏమైంది?"

"ఎలుకండీ! మీ సబ్బుల మీదే కాపరం పెట్టింది. ఒక్కటి కూడా వదల్లేదు."

మా అమ్మ పళ్లెం ఎత్తి చూపించింది. "చూడు, ఎన్ని వేసిందో! పైన వేసినవి సరే, లోపలికి ఎలా దూర్చిందిరా?"

పళ్లెంలో ఓ అరవై గింజలున్నాయి. బియ్యపు గింజంత పొడవు, ముదురు గోధుమరంగు, అటూ ఇటూ సన్నం. నిజం చెప్పాలంటే వేరేవాళ్లింట్లో చూసి ఉంటే నేనూ ఎలుకనే అనేవాణ్ణి. ఒకటి తీసి నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

"ఛీ ఛీ! వాసన చూస్తున్నాడేమిటే వీడు!"

"ఇది పువ్వమ్మా."

ఎవరూ మాట్లాడలేదు. మా ఆవిడ కర్ర నెమ్మదిగా కిందికి దిగింది.

"లావెండర్ మొగ్గ. సబ్బులో క్షారం తగిలితే ఊదారంగు పోయి ఇలా అవుతుందనుకుంటా."

"అనుకుంటా ఏమిటి? మీకు ముందే తెలీదా?"

"ఆ వీడియోలో ఆయన కోసిన రోజే ఫోటో తీసి పెట్టాడు..." అని ఆగిపోయాను. దరఖాస్తుకి అంటించిన నా ఫోటో కూడా కోసిన రోజుదే.

అందరికంటే ఎక్కువ నిరాశపడింది మా అమ్మ. "అయితే ఎలుక లేదా? పొద్దున్నించీ బీరువా జరిపామే!"

"ఎన్ని పొడిచావమ్మా?"

"తొమ్మిది. మిగతా ఐదూ కడిగి పెట్టాను."

"కడిగావా? దేంతో?"

"సబ్బుతో."

"సబ్బుని సబ్బుతో కడిగావా?"

"మరి దేంతో కడగమంటావురా?"

దీనికి జవాబు నాకు అప్పుడూ తట్టలేదు, ఇప్పుడూ తట్టడం లేదు. "ఏ సబ్బుతో?" అని మాత్రం అడిగాను.

"కొట్టు సబ్బుతో. నీ దాంట్లో ఎలుక ఉందిగా."

నాలుగు వారాలు ఆరి గట్టిపడిన ఐదు సబ్బులు పెరట్లో బకెట్లో మెత్తగా నానుతున్నాయి. పిన్నీసు తిన్న తొమ్మిదీ జల్లెడలా ఉన్నాయి. ఆ రాత్రి వాటిని ఒక డబ్బాలో పోసి మూత పెట్టి, దరఖాస్తు చింపేద్దామని తీశాను. మా ఆవిడ "రేపటిదాకా గడువుందిగా, పొద్దున చూద్దాం" అంది. ఆవిడ నన్ను ఓదార్చడం అలాగే ఉంటుంది.

పొద్దున ఏడింటికే పిన్నిగారొచ్చారు. మా అమ్మాయి ముందురోజు వాళ్లింట్లో ఆడుకుంటూ ఎలుక కథ చెప్పింది. పువ్వు కథ తర్వాత జరిగింది కాబట్టి అది వాళ్లకి చేరలేదు.

"ఏమీ అనుకోకు బాబూ. నువ్వు ఇచ్చినవి రెండూ తెచ్చాను. వాడలేదులే, వాసన బాగుందని బట్టల మధ్య పెట్టుకున్నాను."

కట్టిన దారం కట్టినట్టే ఉంది. తొమ్మిదిన్నరకి పైవాటా వాళ్లు మూడు తెచ్చారు, వాటిదీ కాగితం విప్పలేదు. ఎగబడి కొంటారని నాకు మొదట చెప్పినాయన కొడుకుతో రెండు పంపించాడు. ఎదురింటి నుంచి ఇంకో రెండు. ఎలుకకి భయపడి తొమ్మిది సబ్బులు తిరిగొచ్చాయి. ఏడాదిగా నన్ను పొగిడినవాళ్లలో ఒక్కరు కూడా నా సబ్బుతో చేతులు కడుక్కోలేదన్నమాట.

"ఇది పువ్వండీ" అని చెప్పబోతే, "అయ్యో, ఎందుకు బాబూ ఇబ్బంది పడతావు, ఎలుకలు ఎవరింట్లో ఉండవు?" అని వాళ్లే నన్ను ఊరడించారు.

మా అమ్మ స్నానాలగది నుంచి కేకేసింది. "ఒరేయ్, ఆ చిల్లుల సబ్బు ఇంకోటి తీసిపెట్టు! నురగ బాగా వస్తోంది, జారకుండా చేతిలో నిలుస్తోంది."

మా ఆవిడ పాత కాగితం, పెన్ను తెచ్చుకుని కూర్చుంది. "పాతవి 22. మాడిన వెనిలా 14. తిరిగొచ్చినవి తొమ్మిది. మొత్తం 45. టేబులు అద్దెకి 23 పోతే 22 మనవి."

"అమ్ముదామంటావా?"

"అమ్మకపోతే ఎక్కడ పెడతారు? ఆ గదిలోకి బీరువా ఇంకా తిరిగి వెళ్లలేదు."

దరఖాస్తు మళ్లీ తీశాను. పాత ఫోటో పీకేసి, గోధుమరంగు సబ్బులతో కొత్తది అంటించాను. లేబుళ్ల మీద 100 కొట్టేసి ప్రతి సబ్బునీ మా అమ్మాయి తూకం మీద పెట్టి అసలు బరువు రాస్తోంది. ఫారంలో చివరి గడి ఒకటి మిగిలింది: "మీ వస్తువు ప్రత్యేకత ఒక్క వాక్యంలో రాయండి." పెన్ను నోట్లో పెట్టుకుని ఆలోచిస్తుంటే మా ఆవిడ నా భుజం మీదుగా వంగి చూసింది.

"రాయండి," అంది. "ఇందులో ఎలుక లేదు."