పెరుగు గిన్నె కోసం 200 వాట్లు

మా బావగారు సన్యాసం పుచ్చుకున్నారు. ఆఫీసు, ట్రాఫిక్, ఇంటి లోను గొడవ ఇక వద్దనుకుని ఫ్లోరిడాలో ఒక సెకండ్ హ్యాండ్ తెరచాప పడవ కొని, అక్కను తీసుకుని బహామాస్ దీవుల వైపు బయల్దేరారు. పొడవు 36 అడుగులు. గాలి ఊరికే వస్తుంది, ఆకాశం ఊరికే కనిపిస్తుంది. సన్యాసికి ఇంకేం కావాలి?

పెరుగు కావాలి. బావగారు దేన్నయినా వదులుకోగలరు గానీ భోజనం చివర పెరుగన్నాన్ని మాత్రం వదులుకోలేరు. అందుకని పడవలో బ్యాటరీతో నడిచే ఫ్రిజ్ పెట్టించారు.

గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లిని, పిల్లికి పాల కోసం ఆవును, ఆవును మేపడానికి మనిషిని పెట్టుకున్న సన్యాసి కథ మనకు తెలిసిందే. ఆయనకు అప్పట్లో 12 వోల్టుల ఫ్రిజ్ కంప్రెసర్ దొరకలేదు. దొరికి ఉంటే ఆ కథ ఇంకా నడుస్తూనే ఉండేది.

ఫ్రిజ్ అమ్మినాయన చెప్పింది అబద్ధమేమీ కాదు. నడిచేటప్పుడు అది తీసుకునేది సుమారు 50 వాట్లే, మన పాత సీలింగ్ ఫ్యాను కంటే తక్కువ. కాకపోతే బహామాస్ ఎండకు రోజులో సగం సేపు నడుస్తూనే ఉంటుంది. 4 ఆంపియర్ల చొప్పున 12 గంటలు, అంటే బ్యాటరీల లెక్కలో రోజుకు 48 ఆంపియర్ అవర్లు. సీసం బ్యాటరీ మీద 100 ఆంపియర్ అవర్లు అని రాసి ఉంటుంది. అది కల్యాణమండపం వాళ్ళు చెప్పే సీటింగ్ కెపాసిటీ లాంటిది, సగమే లెక్క. సగం దాటి వాడితే బ్యాటరీ ఆయుష్షు తరిగిపోతుంది. అంటే ఒక బ్యాటరీ ఒక్క రోజు పెరుగుకు సరి. అందుకని రెండోది వచ్చింది. వాటిని నింపడానికి 100 వాట్ల సోలార్ ప్యానెల్ వచ్చింది. మంచి ఎండలో కూడా అది రోజుకు 30 ఆంపియర్ అవర్లకు మించి ఇవ్వనంది కాబట్టి ఇంకోటి వచ్చింది.

లంగరేసిన పడవ గాలి ఎటు తిరిగితే అటు తిరుగుతుంది. దాంతో తెరచాప కొయ్య నీడ నేరుగా వచ్చి ప్యానెల్ మీద పడుకుంటుంది. నీడ నాలుగు వేళ్ళంతే, కరెంటు మాత్రం సగానికి పడిపోతుంది. చుట్టూ పచ్చలు కరిగించి పోసినట్టున్న నీళ్ళు. బావగారు మాత్రం ఆ నీడ వంకే చూస్తూ కూర్చునేవారు.

నేను వాళ్ళతో వారం రోజులున్నాను. రెండో రోజు మధ్యాహ్నం పెరుగు కోసం ఫ్రిజ్ మూత మీద చెయ్యి వేశాను.

“ఆగు! ఏం కావాలి?”

“పెరుగు, బావగారూ.”

“ఎక్కడుందో తెలుసా?”

“అడుగున అనుకుంటా.”

“అనుకోవడం కాదు. తెలుసుకుని తెరువు. 12.1 ఉంది.”

12.1 అంటే బ్యాటరీ వోల్టేజీ. ఐసీయూలో బీపీ చదివినట్టు రోజుకు ముప్ఫైసార్లు చదివేవారు. అర్ధరాత్రి కంప్రెసర్ టక్కుమని మొదలై, టక్కుమని ఆగి, నిమిషానికి మళ్ళీ టక్కుమనేది. వైరు సన్నంగా ఉంటే దారిలోనే వోల్టేజీ పడిపోయి కంప్రెసర్ లేవలేకపోతుందట. చీకట్లో బావగారి టార్చిలైటు, ఆ వెనక అక్క గొంతు: “ఏమండీ, ప్రశాంతత కోసమనే కదా వచ్చాం?”

ఉదయం ఇంజిన్ వేశారు. గాలితో నడిచే పడవ, కదలకుండా నిలబడి, పెరుగు కోసం రెండు గంటలు డీజిల్ తాగింది. అప్పటికీ సీసం బ్యాటరీ నిండలేదు. ముప్పావు వంతు దాకా గబగబా తాగి, ఆ తర్వాత జ్వరమొచ్చిన పిల్లాడిలా చెంచా చెంచా పుచ్చుకుంటుంది. “లిథియం బ్యాటరీ పెడితే ఈ బాధ ఉండదు” అన్నారు బావగారు. ఆవు తర్వాత మేపే మనిషి వస్తున్నాడన్నమాట.

రాబిన్ నాక్స్ జాన్‌స్టన్ అనే ఇంగ్లీషు నావికుడు మన బొంబాయిలో కట్టిన 32 అడుగుల సుహైలీ అనే తెరచాప పడవలో 1969 నాటికి ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా భూమిని చుట్టి వచ్చాడు. 312 రోజులు డబ్బా తిండే గతి. పెరుగన్నం అలవాటు లేని మనిషి, ఆయన్ని లెక్కలోకి తీసుకోలేం.

1833లో టస్కనీ అనే ఓడను మాత్రం లెక్కలోకి తీసుకోక తప్పదు. అది బాస్టన్‌లో 180 టన్నుల మంచుగడ్డ ఎక్కించుకుని, భూమధ్యరేఖను రెండుసార్లు దాటి, నాలుగు నెలలకు కలకత్తా చేరింది. అప్పటికీ దాదాపు 100 టన్నులు మిగిలే ఉంది. బ్యాటరీ లేదు, ప్యానెల్ లేదు. ఆ మంచు వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ నమ్ముకున్నది రంపపు పొట్టు లాంటి సరుకును. మద్రాసు ఐస్‌హౌస్ కట్టించింది ఆయనే. వేడిని లోపలికి రానివ్వకపోవడమే ఆయన శాస్త్రం.

ఈ సంగతి చెప్పి, “బావగారూ, మన ఫ్రిజ్ గోడల్లో ఫోమ్ ఎంత మందం?” అని అడిగాను. కొలిచారు. ఒక అంగుళం. వేడి దేశాల సముద్రంలో నాలుగంగుళాలుండాలని పడవలవాళ్ళు చెబుతారు. ఫోమ్‌కు పెద్ద ఖర్చు కూడా కాదు. కానీ దానికి నీలం లైటు వెలగదు, ఫోన్‌లో యాప్ ఉండదు, పక్క పడవవాడికి చూపించి గర్వపడే వీలుండదు. బావగారు కాసేపు ఆలోచించారు. లిథియం ఆర్డర్ పెట్టారు.

ఇంటికి తిరిగొచ్చాక వంటింట్లో మా మేనల్లుడు ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి, ఏం తిందామా అని లోపలికి చూస్తూ నిలబడ్డాడు. వాడి వయసు పిల్లలంతా చేసే పనే. బావగారు సోఫాలోంచి ఒక్క ఉదుటున లేచి, “ఎంత ఉంది? ఎంత ఉంది?” అని అరిచారు.

“అర గిన్నె ఉంది డాడీ” అన్నాడు వాడు, పెరుగు చూసి.