నలభై నిమిషాల ఇంగ్లీషు

ఆదివారం పొద్దున మా అక్కావాళ్ళింట్లో జరిగిన గొడవ ఇది. నేను చిత్తూరులో ఒక క్యాథలిక్ మగపిల్లోళ్ళ స్కూల్లో రెండో క్లాసుకి ఇంగ్లీషు చెప్తా. మా బావది బెల్లం మండీ, సీజన్లో మామిడికాయలు కూడా ఫ్యాక్టరీలకి తోల్తాడు. ఆయన కొడుకు నా క్లాసులోనే ఉండాడు. ఇంగ్లీషు పీరియడ్లో నేను తెలుగు మాట్లాడతానని బావ కంప్లయింటు. నాదే కరెక్టని నేను ఇప్పటికీ అనుకుంటాండా, అయినా ఆయన అన్నవి దాచకుండా రాస్తాండా.

బావ: ఏమబ్బా, ఇంగ్లీషు క్లాసులో కాకి కథ తెలుగులో చెప్పినావంట?

నేను: చెప్పినా. ముందు తెలుగులో, ఆ తర్వాత అదే కథ ఇంగ్లీషులో రెండుసార్లు.

బావ: తెలుగులో కాకి కథ చెప్పేదానికి మాయమ్మ ఉండాది ఇంట్లో, ఫ్రీగా. నేను ఫీజు కట్టేది దేనికి మరి?

నేను: కథ ముందే తెలిస్తే పిల్లోడి చెవి ఇంగ్లీషు మాటల మీదే ఉంటుంది బావా, లేకపోతే కాకి ఏమైందో అర్థంగాక కిటికీలోంచి బయటికి చూస్తా కూర్చుంటాడు. ఇంకోటి చెప్తా విను. "వాడు మా అన్న" అంటాం గదా, దాంట్లో క్రియ యాడుంది? లేదు, మనకి అక్కర్లేదు. అందుకని పిల్లోళ్ళు "హీ మై బ్రదర్" అని రాస్తారు, నేను ఎర్ర ఇంకుతో కొడతా, తెల్లారి మళ్ళీ అదే రాస్తారు. పోయిన నెల బోర్డు మీద రెండు రైలు బోగీలు గీసినా, ఒకదాన్లో "హీ", ఇంకోదాన్లో "మై బ్రదర్". మన బండి కొక్కెం లేకుండానే పోతుంది రా, వాళ్ళ బండి పోదు, మధ్యలో "ఈజ్" అనే కొక్కెం తగిలించాలి అని తెలుగులోనే చెప్పినా. ఇప్పుడు ఎవుడన్నా తప్పు చదివితే క్లాసంతా "కొక్కెం సార్, కొక్కెం" అని అరుస్తారు. "జూ" అనేది కూడా అంతే, జడ అన్నప్పుడు నాలుక యాడ పెడతావో అక్కడే పెట్టి కొంచెం సాగదీయి అంటే పలికేస్తారు. ఇవన్నీ ఇంగ్లీషులో చెప్తే ఏడేళ్ళోడికి ఏమర్థమవుతుంది?

బావ: అంత పెద్ద విషయమా ఇది. నాకే వచ్చు. దిస్ మై హౌస్...

(లోపల్నించి మేనల్లుడు: "కొక్కెం నాయనా!")

బావ: నువ్వు దోసె తినరా ముందు. సరే, నా కథ విను. మొన్న సీజన్లో పల్ప్ ఫ్యాక్టరీ నుంచి ఒకాయన వచ్చినాడు, బయట రాష్ట్రం మనిషి, గడగడా ఇంగ్లీషు. నేను తోతాపురి కాయ కోసి చూపించినా, బాగుంది అన్నట్టు తలూపినాడు, నేనూ తలూపినా. ఆ తలూపినదాన్లో నేను రేటు తగ్గించేదానికి ఒప్పుకున్నానని బిల్లు వచ్చినాక తెలిసింది. ముప్పై ఏళ్ళుగా కాయని చేత్తో పట్టుకుంటే ఎన్ని రోజులకి పండుతుందో చెప్తా, ఆ ఫ్యాక్టరీ పిల్లోడి ముందర మూగోని మాదిరి నిలబడినా. నా కొడుకు అట్లా నిలబడకూడదు. ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడేవోళ్ళు లేరు, వీధిలో లేరు. దొరికేది నీ దగ్గర ఒక్కటే, దాన్లోనూ నువ్వు తెలుగు కలుపుతాండావు.

దీనికి నేను వెంటనే ఏం అనలేకపోయినా, నిజం.

నేను: నేను ముందు పన్జేసిన స్కూల్లో తెలుగు మాట్లాడితే రూపాయి ఫైను. ఒకటో క్లాసు పిల్లోడు లేచి చిటికెన వేలు చూపిస్తాండాడు. ఇంగ్లీషులో అడుగు అన్నా. నేనే అన్నా, ఇంకెవురో కాదు. "మే ఐ" అన్నాడు, మళ్ళీ "మే ఐ" అన్నాడు, అంతకుమించి రాలేదు. తెల్ల సాక్సు పసుప్పచ్చగా అయ్యేదాకా నాకు తెల్లేదు. ఆ ఏడంతా ఆ పిల్లోడు నా ముందర నోరు తెరవలేదు.

బావ: అయ్యో. అది వేరే. దానికి తెలుగులో అడగనీ, ఎవురొద్దన్నారు? నేను పాఠం గురించి అంటాండా. గవర్నమెంటోళ్ళే 2019లో జీవో ఇచ్చినారు గదా గవర్నమెంటు బడుల్లో ఇంగ్లీషు మీడియం అని.

నేను: 2020 ఏప్రిల్లో హైకోర్టు కొట్టేసింది దాన్ని. అయినా ఆ ఇంగ్లీషు మీడియం పిల్లోళ్ళకిచ్చిన పుస్తకాలు చూడు, ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు. వాళ్ళకీ తెలుసు. క్యాథలిక్ చర్చిలో కూడా ఒకప్పుడు పూజంతా లాటిన్లోనే, జనం అర్థంగాకనే మోకాళ్ళ మీద ఉండేవోళ్ళు. 1962 నుంచి 65 దాకా రోములో బిషప్పుల పెద్ద సభ జరిగింది, దాంతోనే గదా ఎవురి భాషలో వాళ్ళకి పూజ వచ్చింది.

బావ: దేవుడికి తెలుగొచ్చు అబ్బా, కంపెనీవోడికి రాదు. అదంతా ఎందుకు, నీ కూతుర్ని తిరుపతిలో ఏ మీడియంలో చేర్చినావు?

నేను: మాది మగపిల్లోళ్ళ స్కూలు, దాన్ని చేర్చుకోరు.

బావ: నేనడిగింది అది కాదు.

నేను: ఇంగ్లీషు మీడియమే.

బావ: ఆడ తెలుగు మాట్లాడితే?

నేను: డైరీలో రాస్తారు.

బావ: నువ్వు పోయి అడిగినావా?

నేను: లేదు.

అక్క (వంటింట్లోంచి): అసలు ఈ కాలంలో మగపిల్లోళ్ళకి విడిగా స్కూలేంది? ఆడపిల్లల పక్కన కూర్చుంటే వీడికి కొంచెం చేతిరాతన్నా కుదిరుండేది.

బావ: మాయక్కా నేనూ ఒకే బెంచీ, నాకేం కుదిరింది?

నేను: నీ బిల్లు పుస్తకం చూస్తే తెలుస్తాది.

ఇక్కడ్నించి పది నిమిషాలు చేతిరాత మీద పోయింది, రాసేంత విషయం లేదు దాన్లో. నా కూతురి మాట మళ్ళీ రాకపోతే చాలు అనుకున్నా.

బావ: సోమవారం మీ స్కూలు ఫాదర్తో మాట్లాడతా.

నేను: మాట్లాడు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆయనది కేరళ, ఈడికొచ్చినాక నేర్చుకున్నాడు.

బావ: అదే గదా నేను మొత్తుకుంటాండేది! ఆయన తెలుగు నేర్చుకునేటప్పుడు పక్కన మలయాళంలో చెప్పినోళ్ళు ఎవురన్నా ఉన్నారా?

నేను: లేరు. కానీ పాలోడి నుంచి బస్సు కండక్టరు దాకా ఊరంతా ఆయనతో తెలుగు మాట్లాడింది. మీవోడి చుట్టూ ఇంగ్లీషు ఉండేది నలభై నిమిషాలే, గంట కొట్టినాక అంతా తెలుగే.

బావ: అయితే ఆ నలభై నిమిషాలన్నా మొత్తం ఇంగ్లీషు ఉండనీ.

నేను: ఇరవై ఐదు.

బావ: ముప్పై ఐదు.

నేను: ఇది బెల్లం కాదు బావా.

బావ: బెల్లమైతే నీ మాదిరి ఇంతసేపు బేరం చేయరు. ముప్పై ఐదు, ఆ ఐదు నిమిషాలు నీ కొక్కేలకి పెట్టుకో.

నేను: ముప్పై. కాకి కథ వచ్చిన రోజు అది కూడా కాదు.